పదేళ్ళ సంతకం

ఆ రోజు ఇంట్లో అయిదుగురున్నారు. అత్తయ్య, నాన్న, అమ్మ, పిల్ల, లైసెన్సుల ఆఫీసు నుంచి వచ్చిన గుమాస్తా. ఈ అయిదుగురిలో ఆ ఇంట్లో నిజంగా కాపురముండేది అత్తయ్య ఒక్కతే. గుమాస్తా తనిఖీకి వస్తున్నాడని తెలిసి మిగతా ముగ్గురూ పొద్దున్నే వచ్చి, అక్కడే పుట్టి పెరిగినట్టు కూర్చున్నారు.

వాళ్ళ అసలు ఇల్లు రెండు వీధుల అవతల గోడ పక్కన ఆగి ఉంది. అదొక పాత వ్యాను. నాన్న ఊరూరా తిరిగి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆయన అలిసిపోతే అమ్మ తోలుతుంది. వంటా పడకా నాలుగేళ్ళుగా అందులోనే. నడిచే ఇంటికి నంబరుంటుంది గానీ చిరునామా ఉండదు కదా, అందుకని బండి కాగితాలకీ ఇద్దరి లైసెన్సులకీ అత్తయ్య ఇంటి చిరునామానే రాయించారు. ఇప్పుడా లైసెన్సులు రెండూ ఈ వారంతో అయిపోతున్నాయి. మళ్ళీ ఇవ్వాలంటే ఆ ఇంట్లో మనుషులుంటున్నారో లేదో చూసి రావాలని ఆఫీసువాళ్ళు కొత్తగా పట్టుపట్టారు.

"లైసెన్సులు రాకపోతే ఇంకేముంది, ఇక్కడే ఒక గది తీసుకుని కొట్టు పెట్టుకోవడమే" అన్నాడు నాన్న ముందురోజు, ఉరిశిక్ష గురించి చెబుతున్నట్టు.

ఆ మాట పిల్ల చెవిలో వేరేగా పడింది. పోయినేడు వ్యాను షెడ్డులో ఉన్న పది రోజులూ ఆమె ఈ వీధి చివర బడికి వెళ్ళింది. కదలని బల్ల మీద రాస్తే తన అక్షరాలు ఎంత తిన్నగా వస్తాయో అప్పుడే తెలిసింది. మొన్న ఆ బడి పెద్ద పంతులమ్మగారు కనబడి, సోమవారంలోగా వస్తే చేర్చుకుంటానన్నారు. ఆ సంగతి నాన్నతో చెప్పడానికి పిల్లకి నోరు పెగల్లేదు.

"అమ్మాయి పడుకునేదెక్కడండీ?" గుమాస్తా అడిగాడు.

"కిటికీ పక్క మంచం మీద బాబూ. దానికి మంచం అప్పగించి నేను నేల మీదికి దిగా" అంది అత్తయ్య. "పిల్ల మంచిదే గానీ పలకదు. బెల్లం కొట్టిన రాయి."

గుమాస్తా మంచినీళ్ళడిగాడు. పిల్ల తెచ్చిచ్చింది. ఆయన తాగాక గ్లాసు కడిగింది, దానికి గుడ్డ చుట్టింది, అలమరలో ఓ మూలకి నొక్కి పెట్టింది. తలుపులు మూసి, జడ రిబ్బను విప్పి, రెండు పిడులూ కలిపి కట్టింది. ముడి బిగిసిందో లేదో రెండుసార్లు లాగి చూసింది. వ్యానులో అలా కట్టకపోతే మొదటి మలుపులోనే సామానంతా నెత్తిన పడుతుంది.

గుమాస్తా ఆ ముడి వంకే చూశాడు. అమ్మ మొహంలో నెత్తురు లేదు.

"అలమరకి కట్టెందుకమ్మా?"

"పిల్లి తెరిచేస్తోంది బాబూ" అత్తయ్య అందుకుంది.

"పిల్లి ఏదీ?"

"షికారుకెళ్ళింది."

నాన్న అవసరానికి మించి నవ్వాడు. గుమాస్తా నవ్వలేదు. "మా నాన్న లారీ తోలేవాడు. క్యాబిన్‌లో గ్లాసులు ఇలాగే సర్దేవాడు" అని పిల్ల వైపు తిరిగాడు. "పెద్దవాళ్ళనింక అడగను. నువ్వేం చెబితే అదే రాస్తాను. మీరు ఇక్కడే ఉంటున్నారా?"

లేదు. అంతే, రెండక్షరాలు. అంటే చాలు, సోమవారం బడి, కదలని బల్ల. పిల్ల నాన్న చేతుల వంక చూసింది. గోళ్ళ నిండా మిషను నూనె మరక. ఆ చేతులు మోకాళ్ళని రుద్దుతూనే ఉన్నాయి. వ్యాను షెడ్డులో ఉన్న ఆ పది రోజులూ ఆయన అన్నం సగంలో వదిలేసి వీధి మొదట్లోకి పోయి రోడ్డు చూస్తూ నిలబడేవాడు.

"ఇక్కడే ఉంటున్నామండీ" అంది.

గుమాస్తా ఒక క్షణం ఆమెనే చూసి సంతకం పెట్టేశాడు. "పోనీలే తల్లీ. ఇంకో పదేళ్ళదాకా మీకీ బెడద లేదు" అన్నాడు, మేలు చేసిన తృప్తితో.

పదేళ్ళు. అప్పటికి తనకి పాతికేళ్ళు నిండుతాయి.

"ఈ రాయికీ నోరుందన్నమాట" అంది అత్తయ్య, గుమాస్తా మెట్లు దిగాక.

"నా తల్లే, గండం గట్టెక్కించావు." నాన్న పిల్ల తల నిమిరాడు. ఆయన కాళ్ళు అప్పుడే గుమ్మం దాటాయి. "పొద్దు వాలకముందే బయల్దేరదాం పదండి."

వ్యాను దగ్గర అమ్మ స్టీరింగు ముందు కూర్చుని ఇంజను ఆడించింది. పిల్ల వెనక్కెక్కి మిషను తలకాయల మధ్య ఒదిగింది. జడ వదులైపోయి మొహం మీద పడుతోంది. రిబ్బను అలమరకే ఉండిపోయింది.

"నాన్నా."

"ఏంటమ్మా?"

"ఆ వీధి చివర బడి..."

"గట్టిగా చెప్పవే, ఇంజను మోతలో వినబడి చావట్లేదు."

ఆయన మొహం వెలిగిపోతోంది. పదేళ్ళు చిన్నవాడైనట్టున్నాడు.

"ఏం లేదు" అంది పిల్ల.

వ్యాను వెనక తలుపుకి లోపలి పిడి ఎప్పుడో ఊడిపోయింది. తీసినా వేసినా బయటి నుంచే. నాన్న భుజం ఆనించి ఒక్క తోపు తోసి, తలుపు మూసేశాడు.