చివరి స్టాపు సాక్షి

ఆదివారం పొద్దున్న లైబ్రరీ వెనక గదిలో చేరే ఆ ముగ్గురు పెద్దమనుషులని అందరూ ‘కమిటీ’ అనేవారు, కాస్త ఎగతాళిగానే. పంతొమ్మిదేళ్ల కిందట కనబడకుండా పోయిన ఒక మనిషి ఏమయ్యాడో తేల్చడం వాళ్లు తమకు తామే నెత్తినేసుకున్న పని. పోలీసులు ఏనాడో చేతులెత్తేసిన కేసు కాబట్టి తొందరేం లేదు.

పోయినవాడు ఫొటోలకి ఫ్రేములు కట్టేవాడు. ఒక మధ్యాహ్నం పెద్ద అద్దాల ఫ్రేమొకటి న్యూస్ పేపర్లో చుట్టుకుని, ఇచ్చేసి వస్తానని అక్కకి చెప్పి బయల్దేరాడు. ఎవరికని ఆవిడ అడగలేదు, అతనూ చెప్పలేదు. మొదటి స్టాపులో పద్నాలుగో నంబరు బస్సెక్కడం పళ్లబండివాడు చూశాడు. దిగడం చూశానన్నది ఒక్క కండక్టరే. చివరి స్టాపులో దిగాడని ఆయన పోలీసులకి రాసిచ్చాడు.

కమిటీ ఊహలన్నీ అక్కణ్నుంచే మొదలయ్యేవి. లెక్కల మేష్టారు మ్యాపు మీద చివరి స్టాపు చుట్టూ కంపాసుతో వృత్తం గీసి, బరువుతో మనిషి గంటకి ఎంత నడుస్తాడో లెక్కగట్టి, ఆ మనిషి పాత క్వారీలో పడిపోయుంటాడని తేల్చాడు. మందుల షాపాయనకి క్వారీ గిట్టదు. ఆయన లెక్కలో ఆ మనిషి తలకి దెబ్బ తగిలి, గతమంతా మరిచిపోయి, వేరే పేరుతో ఎక్కడో ఫ్రేములు కట్టుకుంటున్నాడు. అన్నీ మరిచినవాడికి ఫ్రేములు కట్టడం ఎలా గుర్తుందని మేష్టారు, అది చేతికి గుర్తుంటుందని ఈయన. ఆ గొడవతో ఆర్నెల్లు మాటల్లేవు, అయినా ఒక్క ఆదివారం మానలేదు.

మూడో మనిషి ఆ కండక్టరే. రిటైరయ్యాక ఇంట్లో ఆయన మాట వినే నాథుడు లేడు. ఇక్కడ మాత్రం కిటికీ పక్క కుర్చీ ఆయనది, మొదటి టీ ఆయనది. అడిగినకొద్దీ ఆయన జ్ఞాపకానికి చిలవలు పలవలు పుట్టేవి. మొదట దిగాడన్నదొక్కటే ఉండేది. తర్వాత ఫ్రేము మీది పేపరు ఒక మూల చిరిగింది. ఆ తర్వాత ఆ మనిషి మెట్టు మీద ఆగి మొహం తుడుచుకున్నాడు. తమ్ముడు ఏమైనా అన్నాడా అని అక్క ఇంటికొచ్చి అడిగిన రోజున మాత్రం, ఏమీ అన్లేదమ్మా, వెనక్కి తిరిగి నవ్వాడు అని చెప్పాడు. ఆవిడ ఆ నవ్వు మూటగట్టుకుని వెళ్లింది.

నిజానికి ఆ రోజు ఆయన ఆ బస్సులోనే లేడు.

అలిగి పుట్టింట్లో కూర్చుని తిరిగొచ్చిన భార్యకి మ్యాట్నీ చూపిస్తానని మాటిచ్చాడు. సెలవు దొరకలేదు. ఆ ట్రిప్పు నేను లాగేస్తాలే, డ్యూటీ రిజిస్టర్లో సంతకం మాత్రం నువ్వు పెట్టుకో అన్నాడు తోటి కండక్టరు. నాలుగు రోజులకి పోలీసులొచ్చారు. స్నేహితుణ్ని అడిగితే, ఆ రోజు బస్సు కిటకిటలాడింది, ఎవడెక్కడ దిగాడో ఎవడికి తెలుసు, నన్ను ఇరికించకు అన్నాడు. నిజం చెబితే ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి. చివరి స్టాపులో ఎలాగూ అందరూ దిగాల్సిందే కాబట్టి ఆ మాటకి తిరుగుండదనుకుని అదే చెప్పేశాడు. ఆ స్నేహితుడు పోయి ఎనిమిదేళ్లయింది. సినిమా పేరు కూడా ఈయనకి గుర్తు లేదు.

ఒక ఆదివారం ఫ్రేముల మనిషి అక్క వచ్చింది. అప్పుడప్పుడూ వచ్చి, తలుపు పక్కన బల్ల మీద కూర్చుని, వీళ్ల వాదనలు విని వెళ్లేది. ఆవిడ తమ్ముడి ఊసెత్తే చోటు ఇదొక్కటే మిగిలింది మరి. ఆ వేళ మాత్రం ఇల్లు అమ్మేస్తున్నానని చెప్పింది. కింద దుకాణం, పైన రెండు గదులు. తమ్ముడి సుత్తీ, అద్దం కోసే కట్టరూ ఇప్పటికీ ఉన్నచోటే ఉన్నాయి. ప్రతి శనివారం చివరి స్టాపుకి వెళ్లి నిలబడి వచ్చేదట, ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. అందుకని స్టాపుకి ఎదురుగా ఒక గది చూసుకుంది. అక్కడైతే కిటికీలోంచే దిగేవాళ్లని చూసుకోవచ్చు. ఇంటి సంతకాలు రేపే.

మేష్టారూ మందుల షాపాయనా ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి. మంచి పని చేస్తున్నావమ్మా అన్నారు. కండక్టరు టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఇల్లమ్మడం దేనికమ్మా అని నీళ్లు నమిలాడు.

“మీ మాట పట్టుకునే కదా అన్నయ్యగారూ ఇన్నాళ్లూ నిలబడ్డాను,” అంది ఆవిడ మామూలుగా.

ఆయన కుర్చీలోంచి లేచాడు. మ్యాట్నీ దగ్గర్నుంచి సంతకం దాకా, తల వంచుకుని, ఒక్కటీ దాచకుండా చెప్పేశాడు. మందుల షాపాయన ఒంటికాలి మీద లేవబోతే ఆవిడ చేత్తో ఆపింది.

“మరి నవ్వాడన్నారు?”

“అదీ లేదమ్మా.”

ఏడుస్తుందేమోనని ముగ్గురూ బెదిరారు. ఏడవలేదు. తిట్టినా బాగుండు, ఒక దెబ్బ వేసినా బాగుండు అనిపించింది కండక్టరుకి. సిగ్గుతో చితికిపోయాడు. మేష్టారు మాత్రం మ్యాపు మీద వృత్తాన్ని రబ్బరుతో చెరపడం మొదలుపెట్టాడు.

“ఆ బస్సుకి ఎన్ని స్టాపులు?” అని అడిగింది చివరికి.

“ఇరవై మూడమ్మా.”

“పంతొమ్మిదేళ్లు నన్ను ఒక్కదాంట్లోనే నిలబెట్టారు.” ఆవిడ గొంతు పెంచలేదు. “రేపు ఏడింటికి మొదటి స్టాపుకి రండి.”

ఇల్లు కొనేవాళ్లకి అక్కణ్నుంచే ఫోన్ చేసి, ఇప్పుడు కాదని చెప్పింది.

ఆయన ఆరున్నరకే చేరాడు. స్టాపుల పేర్లన్నీ వరసగా రాసిన కాగితం జేబులో ఉంది. ఆవిడ తమ్ముడి ఫొటో సంచిలో పెట్టుకుని వచ్చింది. బస్సు రాగానే కడ్డీ పట్టుకుని మెల్లగా ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు కింద ఆగిపోయాడు. దారి చూపించడానికి రమ్మందో, సాగనంపడానికి రమ్మందో ఆయనకి తేలలేదు. ఏ మొహం పెట్టుకుని ఆవిడ పక్కన కూర్చోవాలో అంతకన్నా తేలలేదు.

“ఎక్కండి,” అంది ఆవిడ కిటికీలోంచి. “ఈసారైనా బస్సులో ఉండండి.”

ఆయన ఎక్కి, రెండో స్టాపుకి రెండు టికెట్లు తీసుకున్నాడు.