తుర్గున్ అన్న పెట్టిన మూడు స్టార్లు

నా రాతలో తప్పులుంటే పెద్దమనసుతో చదువుకోండి. నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, మనవరాలి ఒకటో తరగతి పుస్తకం పక్కన కూర్చుని. చిన్నప్పుడు మా నాన్న మమ్మల్ని గొర్రెల వెంట కొండల్లో తిప్పాడు. గడ్డి ఉన్నచోట బడి లేదు, బడి ఉన్నచోట గడ్డి లేదు. అందుకే నా చెయ్యి నెమ్మది. ఒక వాక్యం పూర్తయ్యేసరికి పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోతుంది. అయినా ఈ సంగతి నేనే రాయాలనుకున్నాను. ఇరోదా చెబితే పాఠం చెప్పినట్టు ఉంటుంది. పక్కింటి తుర్గున్ అన్న చెబితే అంతా తనే చేశానంటాడు.

మాది మర్గిలాన్ ఊళ్లో పట్టు మిల్లు వెనక సందు. సందు చివర మా తందూరు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి అందులో రొట్టెలు కాల్చాను. మోకాళ్లు పట్టేశాక నా కోడలు సనోబర్ కాలుస్తోంది. నా కొడుకు లారీ మీద దేశాలు తిరుగుతుంటాడు కాబట్టి ఇల్లూ ఆమెదే, తందూరూ ఆమెదే. ఆమె చేతి రొట్టె నా రొట్టె కంటే బాగుంటుంది. ఆ మాట ఆమె ముందు నేనెప్పుడూ అనలేదు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కష్టం ఎక్కడొచ్చిందంటే, సందులోవాళ్లు ఒక్కొక్కరే కొత్త అపార్ట్‌మెంట్లకు వెళ్లిపోయారు. పట్టు చూడడానికి వచ్చే కొత్తవాళ్లేమో మిల్లు గేటు దగ్గర నిలబడి, ఇక్కడ మంచి రొట్టె ఎక్కడ దొరుకుతుందని ఫోన్‌ని అడుగుతారు. అది వాళ్లను పెద్దరోడ్డు మీద రంగు లైట్ల దుకాణానికి పంపుతుంది. మా రొట్టె వాసన వాళ్ల ముక్కుకు తగులుతూనే ఉంటుంది. కాళ్లు మాత్రం ఫోన్ చెప్పిన వైపే పోతాయి.

చలికాలంలో ఒకరోజు సనోబర్ మిగిలిపోయిన రొట్టెలు గుడ్డలో చుడుతూ అంది: "అత్తయ్యా, నవ్‌రోజ్ పండగ దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే తందూరు ఆర్పేసి బిస్కెట్ ఫ్యాక్టరీలో చేరతాను. వాళ్లు తీసుకుంటామన్నారు."

బిస్కెట్లు డబ్బాల్లో పేర్చే మనిషి కాదు ఆమె. ఆ తందూరు ఆరిపోతే నేను పొద్దున్నే దేనికి లేవాలో కూడా నాకు తెలియలేదు.

ఇరోదా మా ఆడపడుచు కూతురు. ఇదివరకు యాత్రికులను తిప్పే కంపెనీలో ఉండేది. ఇప్పుడు బజార్లో దుకాణాల చుట్టూ తిరుగుతూ, ఎవరైనా ఏఐని అడిగితే అది వీళ్ల పేరు కూడా చెప్పేలా చూసిపెడుతుంది. కత్తుల దుకాణానికీ, చెప్పుల దుకాణానికీ అలాగే చేసింది. టీకి వచ్చినప్పుడు సనోబరే ఆమెను అడిగింది.

"ఇందులో మాయేమీ లేదక్కా," అంది ఇరోదా. "సంబంధం చూసేవాళ్లు ఏం చేస్తారు? ముందు చుట్టుపక్కల ఇళ్లలో వాకబు చేస్తారు. ఇదీ అంతే. మీ గురించి ఎవరేం రాశారో చదివి, అది చెబుతుంది. మీ గురించి ఎవరూ ఏమీ రాయలేదు. ఈ ఇంట్లో పిల్ల ఉందనే దానికి తెలీదు. ఇంతకీ దుకాణం పేరేంటి?"

"పేరెందుకే? అందరికీ తెలుసుగా," అన్నాను.

"ఫోన్‌కి తెలీదు కదత్తా."

సనోబర్ నా పేరు పెట్టాలంది, నేను ఆమె పేరు పెట్టాలన్నాను. ఇద్దరం ఎంతకీ తగ్గకపోతే ఇరోదా విసుగొచ్చి 'పట్టు మిల్లు వెనక తందూరు' అని రాసేసింది. ఫోన్ మ్యాప్‌లో దారి గుర్తు పెట్టింది, ఫొటోలు తీసింది. ఇక చుట్టుపక్కలవాళ్లతో నాలుగు మాటలు రాయించమంది.

"వాళ్ల పేర్లతో నువ్వే రాసెయ్యరాదూ?" అంది సనోబర్.

"అదొక్కటీ చెయ్యనక్కా. తిన్నవాళ్లే రాయాలి. లేనిది రాస్తే ఈ బజార్లో మళ్లీ నా మొహం ఎవరు చూస్తారు?"

సందులో మిగిలినవాళ్లందరూ రాశారు. రేకు బాల్చీలు చేసే తుర్గున్ అన్న కళ్లజోడు తుడుచుకుని మరీ రాశాడు. కొన్నాళ్లాగి ఇరోదా వచ్చి, మా ముందే ఫోన్‌ని అడిగింది. అది చక్కగా గొంతు సవరించుకున్నట్టు మొదలుపెట్టింది. పెద్దరోడ్డు మీది దుకాణాన్ని చాలామంది మెచ్చుకున్నారంది. మిల్లు వెనక సందులో ఇంకొకటి ఉందనీ, తిన్నవాళ్లు ఫరవాలేదంటున్నారనీ చెప్పింది.

సనోబర్ చేతిలో పిండి చేతిలోనే ఉండిపోయింది. "ఎవరన్నారు ఆ మాట? చదువు."

ఇరోదా చదివింది. తుర్గున్ అన్న మూడు స్టార్లు పెట్టి, 'చెడ్డగా లేదు. దేవుడి దయ' అని రాశాడు. బట్టలు కుట్టే మమ్లకత్ కూడా మూడే పెట్టింది. 'తినొచ్చు' అని రాసింది. మిగిలినవాళ్లూ అంతే.

"ఇరవై ఏళ్లుగా నా చేతి రొట్టె తింటున్నారు," అంది సనోబర్. "తినొచ్చట."

గోడ అవతలి నుంచి సుత్తి చప్పుడు ఆగింది. తుర్గున్ అన్నకు చెవులు ఎక్కువ. బయటికొచ్చి, "ఏంటమ్మా, నా పేరు వినబడింది?" అన్నాడు.

"తాతా, మూడు స్టార్లేంటి?" అంది ఇరోదా.

"మరెన్ని పెట్టమంటావు? ఐదూ పెట్టి, ఊళ్లోకెల్లా ఇదే గొప్ప అని రాసి, లోకమంతా చదివాక ఈ పిల్ల చెయ్యి పడిపోతే నువ్వొచ్చి పిండి పిసుకుతావా? మా తమ్ముడి ఆవుని పెళ్లివాళ్లు పొగిడారు. వారం తిరక్కుండా పాలు ఎండిపోయాయి."

"అది ఆవు, తాతా."

"దిష్టికి ఆవేంటి, రొట్టేంటి? సనోబర్ అంటే ఇష్టం కాబట్టే మూడు పెట్టాను. ఇష్టం లేకపోతే ఐదు పెట్టేవాణ్ని."

సనోబర్ మొహం అటు తిప్పుకుంది. నవ్వుతోందో కళ్లు తుడుచుకుంటోందో నాకు కనబడలేదు. నాకు మాత్రం తుర్గున్ అన్న మాట న్యాయంగానే తోచింది. నేనూ అందుకేగా ఇన్నేళ్లూ ఆమె రొట్టెను పొగడకుండా నోరు మూసుకున్నది.

"అత్తా, నువ్వైనా చెప్పు," అంది ఇరోదా. "ఆ పెట్టెకి దిష్టి తెలీదు. మూడంటే మూడే అనుకుంటుంది."

"దానికి పొగడ్తే కావాలా? సంగతులు చెబితే చాలదా?" అని అడిగాను.

ఇరోదా ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. "సంగతులైతే ఇంకా మంచిది. అడిగినవాళ్లకి చెప్పడానికి దానికేదో ఒకటి ఉండాలి."

"మరైతే అన్నా, నీ మనవడు సైన్యానికి వెళ్లేటప్పుడు కొరికిన రొట్టె సంగతి రాయరాదూ? జరిగింది చెబితే దిష్టి ఉండదుగా."

తుర్గున్ అన్న గడ్డం నిమురుకున్నాడు. "జరిగిందేగా. దాంట్లో పొగడ్తేముంది?"

అక్కడే కూర్చుని రాశాడు. 'మనవడు సైన్యానికి వెళ్తూ ఈ తందూరు రొట్టె ఒక ముక్క కొరికాడు. తిరిగొచ్చి తినాలని మిగతాది మేకుకు వేలాడదీశాం, మా ఆనవాయితీ అది. ఏడాది తర్వాత వచ్చాడు. బూజు పట్టలేదు. టీలో నానబెట్టుకుని ఇంటిల్లిపాదీ తిన్నాం.' ఐదు పెట్టమని ఇరోదా బతిమాలితే, "నాలుగు. ఐదోది దేవుడిది," అన్నాడు.

మమ్లకత్ వేళలు రాసింది: తెల్లవారుజామున ఒక వాయి, బడి వదిలే వేళకు ఇంకొకటి, శుక్రవారం ఉల్లిపాయ రొట్టె, సోమవారం తందూరు శుభ్రం చేస్తారు కాబట్టి సెలవు. ఇంకొకామె, మాడిన రొట్టెను సనోబర్ తనంతట తనే పక్కన పెట్టేస్తుందనీ, అడిగినా అమ్మదనీ రాసింది. అంతా అయ్యాక సనోబర్ గిన్నెలో నిప్పులేసి, దిష్టి తీసే ఇసిరిక్ ఆకు వేసి, ఆ పొగ తందూరు చుట్టూ, తర్వాత ఇరోదా ఫోన్ చుట్టూ తిప్పింది. ఇరోదా దగ్గుతూనే ఫోన్ పట్టుకు నిలబడింది, పాపం.

మంచు కరగడం మొదలైనప్పుడు ఒకామె సందులోకి వచ్చింది. తాష్కెంట్ మనిషి, మంచి కోటు వేసుకుంది. ఫోన్ వైపు ఒకసారి, మా గుమ్మం వైపు ఒకసారి చూసి, "సైనికుడి కోసం మేకుకు వేలాడిన రొట్టె ఇక్కడిదేనా?" అని అడిగింది. ఆమె కూతురు చదువుకు దూరదేశం వెళ్తోందట. కొరికి వెళ్లడానికి రొట్టె కావాలంది. సనోబర్ అప్పుడే దింపినవాటిని ఒక్కొక్కటీ తిప్పిచూసి ఒకటి తీసింది, మళ్లీ పెట్టేసి ఇంకొకటి తీసింది. ఆమె వెళ్లేదాకా తుర్గున్ అన్న తన గుమ్మంలో సైనికుడి తాతలా నిటారుగా నిలబడ్డాడు.

ఆ తర్వాత మరికొందరు వచ్చారు. పెద్దరోడ్డు దుకాణం ముందున్నంత వరస మా ముందు లేదు, ఉంటే సనోబర్ ఒక్కతే కాల్చలేదు కూడా. కానీ గుడ్డలో చుట్టే రొట్టెలు ఉండడం లేదు. ఫోన్ అప్పుడప్పుడు పొరబడి సోమవారం కూడా పంపిస్తుంది. అలా వచ్చినవాళ్లకు టీ పోసి, మేం తినడానికి ఉంచుకున్నది విరిచిపెడతాం.

నవ్‌రోజ్‌కు ముందు ఒక పొద్దున నేను లేచేసరికి సనోబర్ గొర్రెబొచ్చు కలిపిన మట్టి తొక్కుతోంది. తందూరు మూతి చుట్టూ కొత్త మట్టి మెత్తడానికి. ఆర్పేద్దామనుకున్నవాళ్లెవరూ ఆ పని చెయ్యరు.

"బిస్కెట్ ఫ్యాక్టరీవాళ్లకు ఏం చెప్పావు?" అన్నాను.

"ఫోన్ చేశారు అత్తయ్యా. చేతులకు మట్టి ఉందిగా, ఎత్తలేదు."

ఆ మధ్యాహ్నం ఇరోదాను పిలిచి, నేనూ రాస్తానన్నాను. సొంతింటివాళ్లు రాయకూడదంది. అయితే నేను ఆమె అత్తనని చెప్పే రాస్తానన్నాను. దానికొక విడి చోటు ఉందట, దుకాణం తన మాట తను చెప్పుకోవడానికి. అక్కడ నా చేత్తో ఒక్కో అక్షరం వెతికి నొక్కాను: 'ఈ రొట్టెలు కాల్చేది నా కోడలు. నేను రోజూ ఇవే తింటాను.' సనోబర్ నా భుజం మీంచి చదివి, వెళ్లి నిప్పులు ఎగదోసింది.

హోసియత్, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడూ మర్గిలాన్‌లోనే, పట్టు మిల్లు వెనక సందులో, కోడలి దగ్గర.