సెలా స్టూడియోలో ఊరికే దొరికే ఎఫెక్టులు

ఆ దీవుల దేశపు రాజధాని నుకుఅలోఫాలో, మార్కెట్ వెనక సెలా ఫోటో స్టూడియో తెరవగానే మొదలయ్యే పని ఒకటే, ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌కి ఉచిత ఎఫెక్టులు వెతుక్కోవడం. ఉచితమని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. నొక్కితే ఈమెయిల్ అడుగుతుంది, అక్కర్లేనివి నాలుగు అంటగడుతుంది, తీరా అంతా దిగాక నీ సాఫ్ట్‌వేర్ పాతదంటుంది. సెలాకి రోజూ తల బొప్పి కట్టేది.

పైగా ఆమె స్టూడియోలో ఉచిత ఎఫెక్టులు ఫోటోలో ఉన్న మనుషులకి కూడా పట్టేవి. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. చర్చిలో పాడే పెద్దాయన ముడతలు తీయించుకుంటే, ముడతలు పోయి నుదుటి మీద ఎఫెక్టు తయారుచేసినవాడి పేరు పడింది. ఆయన టోపీ పెట్టుకుని పాడుతున్నాడు, సెలాతో మాటలు మానేశాడు.

సెలా నాన్న పోయాడు. సమాధి దగ్గర కట్టే బ్యానర్‌కి, అంత్యక్రియలనాడు కుటుంబమంతా దిగిన ఫోటో దిద్దుతుంటే మేనత్త తుయ్‌ఫువా వచ్చింది. సెలా వదిన వికా పక్కనే స్టూలు మీద కూర్చుని బ్యానర్‌కి వేసే అంచు గుడ్డ కుడుతోంది.

"దీన్ని తీసెయ్," అంది అత్త, తెర మీద వికా ముఖం చూపించి. "మనుషుల్ని తీసేసే ఎఫెక్టేదో దింపావటగా."

"తీసేస్తే వదిన నిజంగానే ఉండదత్తా."

"తెలుసులేవే. నా తమ్ముడు పోయిన రోజు పెద్దరికానికి మర్యాదగా ఇచ్చే మేలైన చాప ఎవరికి రావాలి? నాకు. ఈ మహాతల్లి తీసుకెళ్ళి పాస్టరు భార్య చేతిలో పెట్టింది."

"ఏడుపులో ఎవరికిస్తున్నానో చూసుకోలేదత్తయ్యా," అంది వికా.

"ఏడుపు నీ ఒక్కదానికేనా?"

తండ్రి అక్క మాట కాదనడం అక్కడ ఎవరి తరమూ కాదు. వికా మొగుడైనా కిమ్మనడు. సెలాకి అత్త మీద, ఏడుస్తూ కూడా సూది ఆపని వదిన మీద, ఆ దిక్కుమాలిన కంప్యూటర్ మీద ఒళ్ళు మండింది.

తీసేయాల్సిన చోట గీత గీయమంది ఎఫెక్టు. ఫోటోలో అత్త కావాలనే వికాకి ఎడంగా నిలబడింది. సెలా వాళ్ళిద్దరి మధ్య ఖాళీ చుట్టూ గీత గీసి నొక్కింది.

వికా స్టూలు జరుగుతూ వచ్చి అత్త పక్కన ఆగింది.

"ఏం చేశావే?"

"తీసెయ్యమన్నావుగా, తీసేశాను. మళ్ళీ వాడాలంటే కొనుక్కోవాలట."

ఆ రోజునుంచి ఇద్దరి మధ్యా జానెడు ఎడం కూడా పడలేదు. వంటింట్లో, చర్చి బెంచీ మీద, బస్సులో అత్త సణుగుతూనే ఉంది. ఆదివారం సమాధికి బ్యానర్ కడుతుంటే వికా వెక్కిళ్ళు అత్త భుజాన్ని కుదిపేశాయి.

"వాడి కోసం ఇంత ఏడుస్తావా నువ్వు?"

"పుట్టింటినుంచి వచ్చాక నేను నాన్నా అని పిలిచింది ఆయన్నేగా అత్తయ్యా."

అత్త సంతాపానికి నడుముకు చుట్టుకున్న చాప అంచుతో వికా ముఖం తుడిచింది. అటుగా వస్తున్న పాస్టరు భార్యని పిలిచి, అందరూ వినేలా చెప్పింది.

"ఆ రోజు చాప మీకు ఇమ్మని మా కోడలికి చెప్పింది నేనే."