పన్నెండు గంటల కూత

మా పురపాలక సంఘం ఆఫీసు మేడమీద ఒక సైరన్ ఉండేది. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం అయిదుకి కూసేది. దాన్ని కూయించే మనిషిని ఊళ్లో అందరూ కూతాయన అనేవారు. నేను బాబాయ్ అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. నేను ఉద్యోగంలో చేరిన రోజున నా కుర్చీకి ఒక కాలు ఊడి ఉందని, కూర్చోకముందే నా చెవిలో చెప్పిన మనిషి ఆయనొక్కడే. మిగతావాళ్లు నేనెప్పుడు పడతానా అని చూస్తున్నారు. అప్పట్నించీ బాబాయే.

నేను గుమస్తాని. కౌన్సిల్ సమావేశానికి ఎజెండా తయారుచేయడం, సభ్యులు మాట్లాడిందంతా విని అందులోంచి తీర్మానం తీసి పుస్తకంలో రాయడం నా పని. మాట్లాడడం నా పని కాదు. ఎవరైనా అడిగితే తప్ప సమావేశంలో గుమస్తా నోరు తెరవకూడదు. అది నాకెప్పుడూ కష్టమనిపించలేదు. మా ఇంట్లో అందరం తక్కువ మాట్లాడేవాళ్లమే.

బాబాయ్ ఇల్లు ఆఫీసు వెనక సందులో, కుడివైపు నాలుగోది. ముందు గది, వెనక వంటిల్లు. పిల్లలు లేరు. పిన్నికి మూడేళ్లుగా మతి నిలవడం లేదు. మొదట ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది. తర్వాత ఇంటికొచ్చే దారి మరిచిపోయింది. ఆ తర్వాత మొగుడి మొహం మరిచిపోయింది. కూత మాత్రం మరిచిపోలేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా పన్నెండు కూత వినగానే లేచి కంచం కడిగిన మనిషి. కూత ఆగిన నాలుగు నిమిషాలకి గుమ్మంలోకి వచ్చేవాడు తన మొగుడు. ఆమెకి అదొక్కటే గుర్తు. ఆ వచ్చినవాడి మొహం ఎలా ఉన్నా సరే, "వచ్చారా, చేతులు కడుక్కోండి" అనేది. ఇద్దరూ ఒకే కంచం ముందు కూర్చునేవారు. ఆయన ముద్ద పెడితే తినేది.

ఒకసారి బాబాయికి జ్వరమొచ్చి పదకొండుకే ఇంటికి వెళ్లాడు. స్విచ్చి నన్ను వేయమన్నాడు. ఆమె తలుపు సగం తెరిచి, "మా ఆయన డ్యూటీలో ఉన్నారండీ. కూత అయ్యాక రండి" అని వేసేసిందట. జ్వరంతో గంటసేపు మెట్టుమీద కూర్చున్నాడు. పన్నెండుకి నేను స్విచ్చి వేశాను. నాలుగు నిమిషాలకి తలుపు తీసుకుంది.

"నువ్వు వేసిన కూతకి నేను మొగుణ్ణయ్యానురా అబ్బాయ్" అన్నాడు మర్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఈ సంగతి నాకూ, పక్కింటి కోడలికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆయన చెప్పుకునే మనిషి కాదు. పక్కింటి కోడలు పగలు రెండుమూడుసార్లు తొంగిచూసి పోయేది.

పోయిన వేసవిలో సైరన్‌కి దగ్గు పట్టుకుంది. బేరింగు అరిగిపోయింది. కూత ఎత్తుకోవడం ఆలస్యమయ్యేది, మధ్యలో బొంగురుపోయేది. ఒక మధ్యాహ్నం గుర్రుమని ఆగిపోయింది. ఆ రోజు ఇద్దరూ అయిదింటిదాకా పస్తు. ఆయన మెట్టుమీద, ఆమె లోపల. అయిదుకి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే కూసింది.

మర్నాడు నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మోటార్ల మెకానిక్కు నాకు తెలిసినవాడే. ఆదివారం వచ్చి గంటలో బేరింగు మార్చేస్తానన్నాడు. మేడమీద గది తాళం ఇప్పించు చాలు" అన్నాడు.

"అలా కుదరదు బాబాయ్. ఆఫీసు వస్తువు. బయటివాడు చెయ్యి పెట్టి ఏమైనా అయితే నీ మెడకి చుట్టుకుంటుంది. ఒక అర్జీ పెట్టు, కౌన్సిల్లో పాస్ చేయిద్దాం. కొత్త బేరింగు, కొత్త వైరు, అన్నీ పద్ధతిగా వస్తాయి."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "కాగితం ఎందుకురా. ఇన్నేళ్లలో దాని ఊసు ఎవడూ ఎత్తలేదు. ఎత్తకుండా ఉంటేనే మంచిదేమో."

"నువ్వు ఊరికే భయపడతావు" అన్నాను.

అర్జీ నేనే రాశాను. బాగా రాశాను కూడా. సైరన్ ఎప్పుడు పెట్టారు, రోజుకి ఎన్నిసార్లు కూస్తుంది, ఇప్పుడేం చెడిపోయింది, అన్నీ వివరంగా పెట్టాను. పిన్ని సంగతి రాయలేదు. ఆయన వద్దన్నాడు. రాయడం నాకూ పద్ధతి కాదనిపించింది. కింద సంతకం పెట్టి, సిరా ఆరిందో లేదో అని వేలితో ముట్టి చూసుకున్నాడు.

ఆ నెల సమావేశంలో అది పద్నాలుగో అంశం.

పదమూడోది వీధికుక్కలు. దానికే గంట పట్టింది. టైలరు సభ్యుడు తన వార్డు కుక్కలు మంచివేననీ, పక్క వార్డునించి వచ్చేవే కరుస్తున్నాయనీ అన్నాడు.

"అంటే మా వార్డు కుక్కలకి పెంపకం సరిగ్గా లేదంటావా?" అని మందులషాపు సభ్యుడు లేచాడు.

"నేననలేదు. కరిపించుకున్నవాళ్లు అంటున్నారు."

అందరూ నవ్వారు. చైర్మన్ గడియారం చూసుకుని "తర్వాతది చదవండి" అన్నాడు. బాబాయ్ తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నేను చదివాను.

"ఇంకా ఆ సైరన్ పనిచేస్తోందా?" అన్నాడు చైర్మన్.

"రోజూ మూడుసార్లు మన నెత్తిమీదే కూస్తోంది కదండీ" అన్నాడు టైలరు.

"నిజమా? నాకు వినపడడం మానేసి ఎన్నేళ్లయిందో."

"మీకు వినపడడం మానేసింది అదొక్కటే కాదులెండి" అంది రిటైరైన టీచరమ్మ. మళ్లీ నవ్వులు.

మందులషాపు సభ్యుడు నవ్వలేదు. "మా షాపు మీద అద్దెకున్నవాళ్లకి పసిపిల్ల పుట్టింది. ఇది కూసినప్పుడల్లా ఉలిక్కిపడి, పాలు తాగేది కాస్తా ఆపేసి గుక్కపట్టి ఏడుస్తోంది. ఇవాళ టైము తెలియనివాడు ఎవడున్నాడు చెప్పండి? ప్రతివాడి జేబులోనూ ఫోనుంది. బాగుచేయించడం దేనికి, తీసేద్దాం."

నా చేతిలో కలం ఆగిపోయింది. బాగుచేయించాలా, ఇప్పుడే వద్దా అని మాట్లాడుకుంటారనుకున్నాను. తీసేద్దాం అనే మాట ఒకటుందని నాకు తట్టనేలేదు. పన్నెండేళ్లుగా ఎజెండాలు రాస్తున్నవాణ్ణి. ఎదురుగా పెట్టిన దాన్నే వాళ్లు ఉంచాలా తీయాలా అని చూస్తారని, పెట్టనిదాని జోలికి పోరని, నాకు తెలిసి ఉండాల్సింది. బాబాయికి తెలిసింది.

"నేనూ ఒకప్పుడు ఆ కూతకే కత్తెర కింద పెట్టేవాణ్ణి" అన్నాడు టైలరు. అంతకుమించి ఏమీ అనలేదు.

"మరి ఈ మనిషి ఉద్యోగం?" అని అడిగింది టీచరమ్మ.

"ఉద్యోగానికి ఢోకా లేదు. పార్కు గేటు దగ్గర వేద్దాం. నీడపట్టున కూర్చుంటాడు" అన్నాడు చైర్మన్. తలుపువైపు చూశాడు. "ఏమయ్యా, రోజుకి మూడుసార్లు ఆ ఇనుపమెట్లు ఎక్కే బాధ తప్పుతుంది నీకు. ఏమంటావు?"

మంచిగానే అడిగాడు. బాబాయ్ నావైపు చూశాడు. నేను పుస్తకంలోకి చూశాను. ఆ పదిమంది ముందు, నా భార్యకి నేనెవరో తెలియదు, ఆ కూత ఉంటేనే తెలుస్తుంది అని ఆయన ఎలా చెబుతాడు? నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పి ఉండవచ్చు. మహా అయితే కసురుకునేవారు.

"మీ ఇష్టమండీ" అన్నాడు బాబాయ్.

సైరన్ అవసరం తీరిపోయినందున తొలగించుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది అని రాశాను. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అంటారు.

మర్నాడు చైర్మన్ ఇంటికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నిన్న చెప్పి ఉంటే తీసేద్దామన్న మాట క్షణంలో పోయేదయ్యా. ఇప్పుడు తీర్మానమైపోయింది. మూడు నెలలదాకా తిరగతోడడానికి లేదని నీకు తెలుసు కదా. మూడు నెలలయ్యాక మళ్లీ కాగితం పెట్టించు. నేను చూసుకుంటాను."

ఆ వారంలోనే సైరన్ దింపారు. బేరింగు మారుస్తానన్న ఆ మెకానిక్కే వచ్చి దింపాడు. తాడు కట్టి కిందికి వదులుతూ "ఒక్క బేరింగుకి ఇంకో పదేళ్లు కూసేదండీ" అన్నాడు. బాబాయ్ కింద నిలబడి, గోడకి కొట్టుకోకుండా రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన వెనకే నేనూ వెళ్లాను. తలుపు కొట్టాడు. పిన్ని కొంచెం తెరిచింది. ఆయన్నీ నన్నూ చూసింది.

"కూత కాలేదు కదండీ. ఆయన వచ్చే వేళ కాలేదు."

"నేనేనే" అన్నాడు.

ఆమె భయపడింది. తలుపు వేసి గడియ పెట్టింది.

బాబాయ్ కాసేపు నిలబడ్డాడు. తర్వాత సందు చివరిదాకా నడిచి వెళ్లాడు. రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూత పెట్టాడు. సన్నగా ఎత్తుకుని, పెద్దది చేసి, మళ్లీ దించి. ఇరవై తొమ్మిదేళ్లు విన్నవాడు కదా, అచ్చం అలాగే ఎత్తుకున్నాడు. ఊపిరి చాలక మధ్యలో తెగింది. ఎదురింటి పిల్లలు పకపకా నవ్వారు. వాళ్లమ్మ వాళ్లని లోపలికి లాక్కుపోయింది. పక్కింటి కోడలు కిటికీ దగ్గర నిలబడి పిన్నితో ఏదో చెబుతోంది. పిన్ని గొంతు నాకు వినపడింది.

"ఎవరో ఏడుస్తున్నారమ్మా. చూడు పాపం."

ఆ రోజూ, ఆ మర్నాడూ ఆమె ఏమీ తినలేదు. కోడలు పెట్టబోతే "ఆయన రానీ" అంది. రాత్రి ఆమె నిద్రపోయాక కోడలు వెనకతలుపు తీస్తే ఆయన వెళ్లి వంటింట్లో పడుకునేవాడట.

మూడోరోజు నేను వెళ్లేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. తలుపు తీసి ఉంది. బాబాయ్ గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, కొత్త ఇంటికి పనిమీద వచ్చినవాడిలా ఉన్నాడు.

"మీ ఆయన పంపించాడమ్మా" అంటున్నాడు. "ఇవాళ పని ఎక్కువగా ఉందట. నీకు అన్నం తినిపించి రమ్మన్నాడు."

పిన్ని ఆయన్ని కిందినించి మీదికి చూసింది.

"ఆయనే చెప్పారా?"

"ఆయనే."

"ఆయన తిన్నారా?"

"తిన్నాడమ్మా."

ఆమె జరిగి దారి ఇచ్చింది. "రా అన్నయ్యా" అంది.

ఆయన లోపలికి వెళ్లాడు. కంచం ఎక్కడుందో తెలియనట్టు అటూ ఇటూ చూసి, ఆమె చూపించాక తీసుకున్నాడు. ముద్ద కలిపి పెట్టాడు. రెండు రోజుల ఆకలి కదా, గబగబా తింది. తింటూ మొగుడి గురించి చెప్పింది. మేడ ఎక్కేటప్పుడు మోకాళ్లు నొప్పెడతాయని, చెప్పడని, రాత్రిళ్లు తనకి తెలియకుండా నూనె రాసుకుంటాడని. "నువ్వయినా చెప్పు అన్నయ్యా, మెల్లిగా ఎక్కమను" అంది.

"చెబుతాను" అన్నాడు బాబాయ్.

అన్నయ్యని పక్కన కూర్చుని తినమని ఆమె అనలేదు. ఆమె పడుకున్నాక ఆయన మిగిలింది వంటింట్లో నిలబడే తిన్నాడు.

మూడు నెలలు గడిచాయి. ఆయన పార్కు గేటు దగ్గర కూర్చుంటున్నాడు. తాళంచెవి మెళ్లో వేలాడేసుకుని, వచ్చేపోయేవాళ్లని చూసేవాడు. వాళ్లూ ఆయన్ని కూతాయన అనడం మెల్లగా మానేశారు. నేను రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. గడువు తీరిన మర్నాడే అర్జీ రాశాను. ఈసారి అన్నీ రాశాను. పిన్ని సంగతి కూడా. చైర్మన్‌కి ముందే చెప్పి ఉంచాను. దింపిన సైరన్ స్టోరు గదిలోనే ఉంది, వెళ్లి చూసి వచ్చాను. సంతకం పెట్టించుకోవడానికి మధ్యాహ్నం వాళ్లింటికి పట్టుకెళ్లాను.

బాబాయ్ బయటికి వచ్చాడు. మెట్టుమీద కూర్చుని కాగితం మొత్తం చదివాడు. రెండుసార్లు చదివాడు. నాకు తిరిగి ఇచ్చేశాడు.

"వద్దులేరా."

"ఈసారి తప్పకుండా పాసవుతుంది బాబాయ్. చైర్మన్ మాట ఇచ్చాడు."

"పాసవదని కాదు." లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఈ మధ్య ఆయనెప్పుడొస్తాడని అడగడం తగ్గించింది. ముందు పూటపూటా అడిగేది. ఇప్పుడు రెండుమూడు రోజులకొకసారి. నాతో పేచీ లేకుండా తింటోంది. మళ్లీ అది కూసిందనుకో, ఆయన కోసం లేస్తుంది. కంచం కడుగుతుంది. నేను గుమ్మంలోకి వెళతాను. నన్ను చూసి, నువ్వా అన్నయ్యా, ఆయనేరీ అంటే?"

నేను ఆయన పక్కన మెట్టుమీద కూర్చున్నాను.

"ఇప్పుడు పూటకి నాలుగు ముద్దలు తింటోంది. అదీ మానేస్తే నేను తట్టుకోలేనురా. అలాగే ఉండనీ."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. తప్పు నాదేనని చెప్పాలని మూడు నెలలుగా అనుకుంటున్నాను. ఆ రోజు కూడా నోరు రాలేదు. ఆయన నా మోకాలిమీద చెయ్యి వేశాడు. ఆ చేతికి ఇంకా అన్నం తడి ఉంది.

లోపల్నించి పిన్ని పిలిచింది.

"ఎవరన్నయ్యా వచ్చింది? ఆయనేనా?"

బాబాయ్ లేచాడు.

"కాదమ్మా" అన్నాడు. "ఆఫీసు మనిషి."