బీరువాలో మూడు తీగలు

నేను ఒక పూసల చట్రాన్ని. మూడు తీగలు, తీగకు తొమ్మిది పూసలు. కుడివైపు ఒకట్లు, మధ్యలో పదులు, ఎడమవైపు వందలు. వీరాచారి అనే వడ్రంగి నన్ను మామిడి చెక్కతో చేశాడు. పూసలు సరిగా జారుతున్నాయో లేదోనని మనవరాలి చేత ఆడించి చూశాడు. ఆ తర్వాత చాలాకాలం నన్ను ఏ పిల్లా ముట్టుకోలేదు.

కందివలస బడికి చేరాను. హెడ్మాస్టరు నరసింగరావు మంచివాడే. పిల్లలంటే ప్రేమ, వస్తువులంటే భయం. "విరిగితే పైవాళ్లకి జవాబు నేను చెప్పుకోవాలి" అని నన్ను ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. 'పిల్లల ఉపయోగార్థం' అని నా వీపు మీద కాగితం అంటించిందీ ఆయనే.

ఆరేళ్లు. చీకటి, కలరా ఉండల వాసన. తలుపుకున్న చిల్లులోంచి మూడో తరగతి, దాని ముందు వరండా కనిపించేవి.

అక్కడ గౌరేశ్వరి అనే పిల్ల ఉండేది. కుసుమ టీచరు "నూట ఐదు" అంటే, ముందు నూరంతా రాసి, పక్కన ఐదు పెట్టేది. 1005. విన్నది విన్నట్టే రాసింది పాపం. పిల్లలు ఊరుకుంటారా?

"ఒసే వెయ్యైదూ, నీ కంచంలో గుడ్డు ఒకటేనా, వెయ్యా?"

ఆ పిల్ల నోరు మూతపడిపోయింది. చదవమంటే, వచ్చిన అక్షరాలు కూడా గొంతులోనే ఆగేవి. నా మధ్య తీగ ఒక్కసారి చూస్తే చాలు, తెలిసిపోతుంది. కానీ నేను లోపల, అది బయట.

ఒకరోజు ఆఫీసరు వస్తాడని నన్ను తీసి, తుడిచి, బల్ల మీద పెట్టారు. అప్పుడే గౌరేశ్వరి నాయనమ్మ ఆ పిల్లను వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"దీనికి లెక్కలు రావంట టీచరమ్మా. రేపట్నుంచి మేకలెనకాల ఎల్తానని ఒకటే ఏడుపు."

"ఈ ఒక్కరోజు ఉంచు, అమ్మా" అని కుసుమ టీచరు నన్ను అందుకుంది.

"ఆఫీసరొచ్చే వేళండీ, మరకలు పడతాయి" అన్నాడు హెడ్మాస్టరు.

"ఆయన పిల్లల్ని కూడా చూస్తారు కదండీ."

టీచరు నన్ను గౌరేశ్వరి ముందు పెట్టి, నూట ఐదు చూపించమంది.

గౌరేశ్వరి ఎడమ తీగ మీద ఒక పూస జరిపింది. కుడి తీగ మీద ఐదు. మధ్య తీగ మీద వేలుంచి ఆగింది.

"ఇందల ఏటీ నేదు టీచరమ్మా."

"ఏమీ లేకపోతే ఏం రాస్తాం?"

"సున్నా." పలక మీద 105 రాసి, దానికేసే చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది: "ఇన్నాళ్లూ ఈ పూసలెక్కడున్నాయి?"

కుసుమ టీచరు బీరువాకేసి చూసింది.

ఆఫీసరు పాఠం చదవమన్నప్పుడు మొదటి వాక్యానికి ఆ పిల్ల గొంతు వణికింది. రెండోదానికి వణకలేదు.

సాయంత్రం హెడ్మాస్టరు నా మీది వేలిముద్రలు తుడిచి, మళ్లీ తాళం వేశాడు.

తెల్లారి చిల్లులోంచి చూశాను. గౌరేశ్వరి మేకల వెనక పోలేదు, బడికే వచ్చింది. వరండాలో సుద్దముక్కతో మూడు గీతలు గీసి, వాటి మీద గులకరాళ్లు పేర్చి, రెండో తరగతి పిల్లకు చెబుతోంది.

"నూరంతా రాయకే. ఒకటి సాలు. మద్దెన ఏటీ నేదు కదా, సున్నా ఎట్టు."

హెడ్మాస్టరు అటే వచ్చి ఆగాడు. ఆ గీతల్ని తొక్కకుండా పక్కనుంచి నడిచి వెళ్లాడు. తాళం మాత్రం తియ్యలేదు.