పిప్పి ఊసిన దొంగ

మా మామగారి మీద నాకు ఒకే ఒక్క ఫిర్యాదు. ఆయన నా ఫ్రిజ్‌లో సాక్ష్యాలు దాస్తారు. పెరుగు గిన్నె పక్కన, అల్లం వెల్లుల్లి ముద్దకు ఆనించి ఒక స్టీలు టిఫిన్ డబ్బా. దానిలో ఎవరో నమిలి ఊసిన జామకాయ పిప్పి. ఇంటికి చుట్టాలొస్తే ముందు మంచినీళ్ళివ్వడం పద్ధతి. ఆ వానాకాలం మా ఇంట్లో మంచినీళ్ళ కంటే ముందు ఆ డబ్బా బయటికొచ్చేది.

ఆయన పేరు ఈశ్వరయ్య. తొండుపల్లిలో భూమి ఉన్న రోజుల్లో, దారిన పోయేవాళ్ళు చేలో దిగి కంకులు విరుచుకున్నా "తిననీ, పిట్ట తింటలేదా" అని ఊరుకునే మనిషట. భూమి ఎయిర్‌పోర్టుకు పోయింది. ఇల్లూ, పెరడూ, పెరట్లో ఒక జామచెట్టూ మిగిలాయి. ఎకరాలున్నప్పుడు లేని అనుమానం ఆ ఒక్క చెట్టు దగ్గర మొలకెత్తింది. పొద్దున్నే ముఖమైనా కడగకుండా చెట్టు కిందికి పోయి నేల వెతికేవారు. సగం కొరికిన కాయలు, వాటి పక్కన గట్టిగా పిండి పారేసినట్టున్న చిన్న చిన్న పిప్పి బిళ్ళలు.

"చిలక గిట్ల తినది. ఉడత గిట్ల తినది," అన్నారు ఒకరోజు, బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పుతూ. "రసం పీల్చి పిప్పి ఊసిండ్రు. నమిలి మింగనీకి పళ్ళు లేనోళ్ళ పని ఇది."

చుట్టుపక్కల పళ్ళు లేని మనిషి ఒక్కతే ఉంది. మా వెనక వాటాలో కిరాయికుంటున్న మొహసిన్ వాళ్ళ అమ్మ, ఖైసర్ బీ. మొహసిన్ ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తే పని చేస్తాడు. అతని భార్య సురయ్యా నాకు ఈ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు.

ఆ ఏడు రంజాన్ ఆగస్టులో వచ్చింది. తెల్లవారకముందే వెనక వాటాలో లైటు వెలిగేది, గిన్నెల చప్పుడయ్యేది.

"ఇంత చీకట్ల లేసి ఏం తింటరు?" అని నన్నడిగారు మామగారు.

"సహరీ మామా. పగలంత ఉపవాసం ఉంటరు కదా, అన్నమో రొట్టెనో తింటరు."

"అన్నం తింటె పిప్పి ఎట్లొస్తది?"

ఈ ప్రశ్నకు ఏ యూనివర్సిటీలోనూ జవాబు లేదు.

సాయంత్రాలు ఇంకా కష్టం. ఉపవాసం విడిచే వేళకు సురయ్యా మా ఇంటికీ ఒక పళ్ళెం పంపేది. ఖర్జూరాలు, మిర్చీలు, మసాలా చల్లిన పండ్ల ముక్కలు. ఒకనాటి పళ్ళెంలో జామ ముక్కలున్నాయి. మామగారు వాటిని డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూశారు.

"నా కాయలే కోసి, ఉప్పు కారం జల్లి, నాకే పంపుతున్నరు."

"శంషాబాద్ మార్కెట్ల కొన్నరు మామా."

"కొనంగ నువ్వు చూసినవా?"

చూడలేదు. ఆయన ఆ సాక్ష్యాన్ని ఒక్క ముక్క మిగల్చకుండా తినేసి చెయ్యి కడుక్కున్నారు.

మర్నాడు నేరుగా విచారణకు దిగారు. ఖైసర్ బీ వాకిట్లో మంచం మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటోంది.

"బీబమ్మా, నీ పళ్ళు పోయి ఎన్నేండ్లయింది?"

"నీకెందుకు పటేలా? ఏమన్న సంబంధం తెచ్చినవా?"

మామగారు తోక ముడిచారు గానీ, ఈసారి అనుమానం అటు పాకింది. "కిరాయి పెంచనీకి ఈ పటేల్ ఏదో బహానా దేవులాడుతుండు," అని ఖైసర్ బీ కోడలితో అందట. ఆ సాయంత్రమే వెనక తలుపుకు పరదా వేలాడింది. పరదా చూసి మామగారు తల పంకించారు. దాచేదేమీ లేకపోతే పరదా ఎందుకు? ఇటు వాళ్ళు కిటికీలోంచి మా చెట్టు వైపు చూసినా తప్పే, చూడకపోయినా తప్పే.

నవ్వుకుంటూనే ఉన్నాను, మామగారు మొహసిన్‌ను ఆపి "పండుగైనంక వేరే ఇల్లు చూసుకోండ్రి" అనేదాకా. కారణం చెప్పలేదట.

సురయ్యా దండెం దగ్గరికొచ్చింది. "ప్రేమక్కా, మేం ఏం గల్తీ చేసినం?"

చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఇండ్లు మస్తుగున్నయి అక్కా. కిరాయి మాట్లాడినంక పేరు అడుగుతరు. పేరు చెప్పినంక ఖాళీ లేదంటరు. మా అత్తమ్మను ఆ మోకాళ్ళతోని ఎన్ని గడపలు తిప్పాలె?" అని ఆగింది. "కాయల ముచ్చట ఆమెకు చెప్పకు. రోజాలున్నది, ఉపాసం పూట మనసు ఖరాబైతది."

ఆ మధ్యాహ్నం మామగారు నిద్రపోగానే ఫ్రిజ్ తెరిచి సాక్ష్యాన్ని బయటికి తీశాను. నేను బీఎస్సీలో జువాలజీ చదివాను. పెళ్ళయ్యాక ఆ చదువు చేపలు కడగడానికి తప్ప ఎందుకూ పనికి రాలేదు. కిటికీ వెలుతురులో పెట్టి చూస్తే పిప్పి బిళ్ళ మీద అడ్డంగా సన్నటి గాట్లున్నాయి, దువ్వెనతో నొక్కినట్టు. పళ్ళు లేని చిగుళ్ళకు అలాంటి అచ్చు పడదు. పండును గరుకైన అంగిట్లోకి నాలుకతో అదిమి, రసం పిండుకుని, పిప్పి ఊసేసే నోరు ఒకటుంది.

"మామా, గబ్బిలమేమో," అన్నాను సాయంత్రం టీ ఇస్తూ.

ఆయన కప్పు కింద పెట్టేశారు. "గబ్బిలాలు పాడుబడ్డ ఇండ్లల్ల ఉంటయి. నాది పాడుబడ్డ ఇల్లా?"

మా ఆయన గోవర్ధన్‌తో చెప్తే "బాపుతోని నువ్వే చెప్పరాదు" అని పేపరు తిరగేశాడు. మామగారు మాత్రం పక్కూరు పాల్మాకుల పోయి ఎవరి దగ్గరో పాత చేపల వల కొని తెచ్చి, కాయలున్న కొమ్మల చుట్టూ కట్టారు. "చెయ్యి పెడితె చిక్కాలె," అన్నారు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. సురయ్యాతో మాట్లాడుకుని, మామగారి చెవిలో ఊదాను. "మామా, వాళ్ళు మనల్ని ఇఫ్తార్‌కు పిలిచిండ్రు. ఇంట్ల కూసుంటే ఎవరు ఏం తింటరో కండ్లార చూడొచ్చు."

ఆయన ఎప్పుడూ లేనిది ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు.

చాప మీద చెట్టు కనిపించేలా కూర్చున్నారు. అజాన్ వినిపించింది, ఖర్జూరాలు పంచారు. మొహసిన్‌కు ఆ రోజు సెలవు. నమాజు ముగించుకుని అందరూ మళ్ళీ వంటకాలు పెట్టిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ చేరారు. బయట చీకటి పడుతోంది. సురయ్యా దాల్చా గిన్నె మూత తీసింది.

చెట్టు కదిలింది. వల గుంజుకుంది. సన్నగా కిచకిచ.

"దొరికిండు!" అని మామగారు అరిచి లేచారు. లేచి, వెనక్కి తిరిగి చూశారు. ఖైసర్ బీ కూర్చునే ఉంది. సురయ్యా చేతిలో గరిటె ఉంది. మొహసిన్ నోట్లో మిర్చీ ఉంది. ఆయన కళ్ళు అప్పటికీ ఓడిపోలేదు.

"గోవర్ధన్ ఏడి?"

"డ్యూటీల ఉన్నడు మామా."

అందరం చెట్టు దగ్గరికి పోయాం, మొహసిన్ టార్చి వేశాడు. వలలో ఒక రెక్క చిక్కుకుని, తలకిందులుగా వేలాడుతూ, మావైపు గుడ్లురుముతోంది దొంగ. మేం దగ్గరగా వంగి చూశాం. ముఖం అచ్చం కుక్కపిల్ల ముఖం. ముక్కు కొసన రెండు రంధ్రాలు చిన్న గొట్టాల్లా చెరో పక్కకు తిరిగి ఉన్నాయి. టార్చి వెలుగు పడి పెద్ద కళ్ళు నిప్పుకణికల్లా మెరిశాయి. చెవుల అంచులకు దర్జీ పైపింగు కుట్టినట్టు తెల్లటి గీత. నల్లటి రెక్కలో పొడుగాటి వేలి ఎముకలు గొడుగు ఊచల్లా తెల్లగా కనిపించాయి. బొటనవేలికి కొక్కెం లాంటి గోరు. తోకంటే తోక కూడా కాదు, మరిచిపోయి వదిలేసిన దారం ముక్క.

"యా అల్లా! కుక్కపిల్లకు రెక్కలొచ్చినయి," అంది ఖైసర్ బీ, వాకిట్లోని మంచం కోడు పట్టుకుని.

"రెక్క కింద చూడుండ్రి," అన్నాడు మొహసిన్ మెల్లగా. తల్లి పొట్టను కరుచుకుని, వెంట్రుకలైనా సరిగ్గా రాని పిల్ల ఒకటుంది.

మామగారు గొంతు సవరించుకున్నారు. "ఇది ఇయ్యాలనే కొత్తగ వచ్చిందేమో. ఇన్నొద్దుల సంది తిన్నది ఇదేనని ఏం గ్యారంటీ?"

దాని దవడ ఇంకా ఆడుతూనే ఉంది. అంత ఆపదలోనూ నోట్లోది వదల్లేదు. నేను మందపాటి తువ్వాలు మడిచి కింద పట్టాను. నమిలింది, అదిమింది, రసం మింగింది. తర్వాత తువ్వాలు మీదికి ఒక బిళ్ళ ఊసింది. మామగారు దాన్ని తీసుకుని టార్చి కింద తిప్పి చూశారు. అడ్డంగా గాట్లున్నాయి.

తర్వాత తనే పోయి కత్తెర తెచ్చారు.

"మామా, చెయ్యి పెట్టకుండ్రి, కరుస్తది," అని నేను తువ్వాలుతో దాన్ని ఒడిసి పట్టుకున్నాను. ఆయన వల పోగులు ఒక్కొక్కటే కత్తిరించారు, రెక్క పొరకు కత్తెర తగలకుండా, ఊపిరి బిగబట్టి. పాత వలైనా కొన్నది ఆయనే. చివరి పోగు తెగాక తువ్వాలు కొమ్మకు ఆనించాను. అది బొటనవేలి గోరుతో బెరడు పట్టుకుని పైకి పాకింది. తలకిందులుగా కాసేపు వేలాడి, పిల్లతో సహా జారి, రెక్కలు విప్పి వెళ్ళిపోయింది.

ఎవరూ చాప దగ్గరికి కదల్లేదు. మామగారు చెట్టు వైపు చూస్తూ ఏదో గొణిగారు.

"ఏమంటున్నవ్ పటేలా?" అంది ఖైసర్ బీ.

"ఏం లేదు. మీరు యాడికీ పోవుడు వద్దు. ఈడనే ఉండుండ్రి."

"పొమ్మన్నది నువ్వే, ఉండుమన్నది నువ్వే. కిరాయి ఎంత పెంచుతున్నవ్, గది చెప్పు ముందుగాల."

"కిరాయి ముచ్చట కాదమ్మా." ఆయన సురయ్యా వైపు చూశారు. ఆమె తల వంచుకుంది. నా వైపు చూశారు. నేను తువ్వాలు మడతలు సర్దుకోవడంలో చాలా బిజీగా ఉన్నాను.

"మరేంది? జర గట్టిగ చెప్పు. మొగోనివి కాదా?"

మామగారు చేతిలోని కత్తెర మొహసిన్‌కు ఇచ్చేసి, ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"నీకు పళ్ళు లేవని, నా కాయలు నువ్వే తిని ఊస్తున్నవనుకున్న బీబమ్మా. గందుకే ఇల్లు ఖాళీ చెయ్యమన్న. నా కోడలు చెప్పినా ఇనలే," అన్నారు, వాకిలంతా వినిపించేలా. "తప్పు నాదే."