అమావాస్య నాటి నోటీసు

ఆస్బెస్టాస్ రేకు దించడమంటే ఎంత తతంగమో మీకు తెలుసా? పెళ్ళి చెయ్యడం నయం. దాని దుమ్ము ఊపిరికి విషం గనక లైసెన్సున్న కంపెనీయే దించాలి. దించేవాడికి శిక్షణ కార్డుండాలి. ఫలానా చోట, ఫలానా రోజున మొదలుపెడతామని ప్రభుత్వానికి ముందుగా నోటీసిచ్చి ముద్ర వేయించుకోవాలి. ఆ తేదీకి ముందు ఒక్క బోల్టు కదిలినా లైసెన్సు గోవిందా. తేదీ దాటితే మళ్ళీ నోటీసు, మళ్ళీ ఎదురుచూపులు. ఈ అరబ్బు దేశంలో, షువైఖ్ అనే పేటలో పాత గోడౌను కప్పు పనికి ఆ నోటీసు నా పేరుతో వెళ్ళింది. మా కంపెనీలో నేను సొంతంగా ఇచ్చిన మొదటి నోటీసు అదే. ఆదివారం మొదలు అని ముద్ర పడగానే రిగ్గైలో మా ఫ్లాటుకి దాదాపు ఎగురుకుంటూ వెళ్ళాను.

గురువారం మేస్త్రీ ముత్తన్న ఫోన్ చేశాడు. జగిత్యాల వైపు మనిషి. మా రేకుల పనివాళ్ళందరికీ ఆయనే పెద్ద.

"చెల్లె, ఆదివారం అమాస. నీకెర్క లేదా?"

ఆఫీసు గోడమీది అరబ్బీ క్యాలెండరు చూసి తేదీ వేసిన మహాతల్లిని నేను! అమలాపురంలో పుట్టి పెరిగి కూడా ఆ ముక్క నాకు తట్టలేదు.

"ఒక్కరోజుకి కొంపలేం మునిగిపోవు ముత్తన్నా," అన్నాను.

"మునుగుతయ్. ఎన్కట అమాసనాడే కొత్త పని షురూ జేసి, నిచ్చెన మీదికెల్లి పడి కాలిరగ్గొట్టుకున్న. మల్ల గట్ల చెయ్యనని నా పెండ్లాం పెంటవ్వకు ఒట్టేసిన. మనోళ్ళు గూడ రామంటున్నరు. శుక్రవారం షురూ జేద్దాం, మంచిగున్నది."

"శుక్రవారమా! ఇంకేమన్నా ఉందా? లైసెన్సు పీకేస్తారండి బాబూ. అందరం మూటాముల్లె సర్దుకోవాలి!"

"అయితె అమాస పోయినంక."

"మళ్ళీ నోటీసిచ్చి ముద్ర పడేదాకా గోడౌను ఓనరు ఆగడు. పని ఇంకో కంపెనీకిచ్చేస్తాడు."

నాకు ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు, నా మీద. అప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఊరెళ్ళే రోజు మంచిది కాకపోతే, ముందే ఓ మంచిరోజు చూసి చీరల సంచి ఎదురింట్లో పెట్టి వచ్చేది. దాన్ని ప్రస్థానం అంటారు. ఇక ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. తర్వాత ఏ రోజు గడప దాటినా దోషం లేదు.

"పనికి కూడా ప్రస్థానం పెట్టేద్దాం," అన్నాను. "శుక్రవారం మన మాస్కుల సంచి గోడౌను పక్కింట్లో పెట్టండి. రేకు జోలికి మాత్రం వెళ్ళకండి."

ముత్తన్న, "మంచి తెలివే," అన్నాడు.

గోడౌను పక్కన ఉన్నది నౌమాన్ భాయ్ టైర్ల కొట్టు. శుక్రవారం అక్కడ కొబ్బరికాయ కొట్టి, సంచికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి కొట్టులో ఉంచారు. ఇదంతా ఏమిటని నౌమాన్ అడిగితే, "ఇక పని మొదలైనట్టే భాయ్," అని నా వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆయన సంతోషించి సగం చిప్ప తినేశాడు.

ఆదివారం పొద్దున్నే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కార్డులు చూశాడు, హెచ్చరిక బోర్డు చూశాడు, రేకులు తడిపే నీళ్ళ పంపు చూశాడు. అన్నీ బాగున్నాయి. "మాస్కులేవీ?" అన్నాడు. నౌమాన్ స్వయంగా సంచి మోసుకొచ్చాడు.

"ఈ ఎర్ర రంగేమిటి?"

నేను నోరు తెరిచేలోపే నౌమాన్ అరబ్బీలో అందుకున్నాడు. "వీళ్ళ పని శుక్రవారమే మొదలైంది సార్! ముబారక్!"

నోరు ఆయనది, వీపులు మావి! ఇన్‌స్పెక్టరు కలం ఆగిపోయింది. "సార్, అది మా ఆచారం..." అంటుంటే చెయ్యెత్తి నన్ను ఆపాడు. ముత్తన్న వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. పని మొదలైంది శుక్రవారమా, ఇవాళా? ఒక్క మాట."

శుక్రవారమంటే లైసెన్సు పోతుంది. ఇవాళంటే ప్రస్థానం చెల్లదు, అమావాస్యనాడే మొదలుపెట్టానని తన నోటితో తనే అన్నట్టవుతుంది. ముత్తన్న సంచిని చూశాడు. మా అందరి మొహాలూ చూశాడు.

"అల్‌యోమ్," అన్నాడు. ఇవాళే అని.

ఇన్‌స్పెక్టరు నిచ్చెనెక్కి బోల్టులన్నీ పరీక్షించాడు. ఏళ్ళనాటి తుప్పు, దుమ్ము, దేన్నీ ఎవరూ తాకలేదు. దిగి వచ్చి సంతకం పెట్టి, "యల్లా, కానివ్వండి," అంటూ వెళ్ళిపోయాడు.

ఎవరూ కదల్లేదు. "అన్నా, మరి అమాస?" అన్నాడు పనివాళ్ళలో శ్రీపతి, మెల్లగా.

"నేనెక్కుతున్న గద. మీరు నా ఎన్క రాండ్రి," అని ముత్తన్న మాస్కు బిగించి నిచ్చెన మీద కాలు పెట్టాడు. విరిగి అతుక్కున్న కాలే ముందు పెట్టాడు. నేను హెచ్చరిక టేపు ఇవతల నిలబడి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేశాను. ఆయన మొదటి రేకు తడిపి, బోల్టులు విప్పి, చిన్న పగులైనా లేకుండా కిందివాళ్ళ చేతికి దించి ప్లాస్టిక్‌లో చుట్టించాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఎక్కారు.

బట్టలు మార్చుకుని ఆయన టీకి వచ్చేసరికి గ్లాసు అందించాను. "పెంటవ్వకి ఏం చెప్తారు ముత్తన్నా?" అన్నాను.

"ఏం జెప్త? తిడితె పడ్త," అన్నాడు, టీ ఊదుకుంటూ నవ్వి. "అమాస నెలకొకటి వస్తది చెల్లె. ఇంతమంది బువ్వ పోతె యాడికెల్లి తేవాలె?"